వింటి వంపు

ధనుర్మాసమున తిరుప్పావైని అనుసంధించు గృహములందు శార్ఙ్గము పేరు ఏటేట వినబడుచుండును. నాలవ పాశురమున గోదాదేవి వర్షధారలను శార్ఙ్గమునుండి వెడలు శరపరంపరతో పోల్చినది. శృంగసంబంధమైనది గనుక దానికి శార్ఙ్గమని పేరు. కౌటిల్యుని అర్థశాస్త్రము తాటిమ్రాను, వెదురు, కొయ్య, కొమ్ము అను నాలుగింటితో విండ్లు చేయుదురని చెప్పినది. వీనిలో కొయ్యవిల్లు తయారగు విధమును తెలిసికొన్నచో గృహస్థునకు పనికివచ్చు పాఠమొకటి లభించును.

విల్లు వంగినపుడు లక్ష్యమువైపునున్న వెలుపలి ముఖము సాగును. విలుకానివైపునున్న లోపలి ముఖము నొక్కుకొనును. కావున వెలుపలి ముఖమున చెట్టు పెరిగిన పొర నొకదానిని మొదటినుండి చివరివరకు తెగకుండ నిలుపుదురు. అది తెగినచో అచటనే చీలిక పుట్టును. వంపును దిద్దుటకు చెక్కునదంతయు లోపలి ముఖముననే.

కొన్ని విండ్లలో నడిమి పిడి దళసరిగా నుండి కదలదు. ఇరుప్రక్కల బాహువులే వంగును. మరికొన్నింట, అమరకోశము ‘లస్తకము’ అని పేర్కొన్న ఆ నడిమి భాగమును భారమును పంచుకొనును. విల్లంతయు ఒకే వంపుగా వంగును. ఇంగ్లండు దేశమున ‘యూ’ అను వృక్షముతో చేసిన పొడవైన విండ్లు ఇట్టివే. 1545లో మునిగి, 1982లో సముద్రమునుండి పైకెత్తబడిన ‘మేరీ రోజ్’ అను యుద్ధనౌకలో నూటికి పైగా అట్టి విండ్లు లభించినవి. వానికి వెలుపల సాగుటకు ఓర్చు తెల్లకొయ్య, లోపల నొక్కుడుకు ఓర్చు చేవ.

బాడిశతో వింటికి రూపము మాత్రమే వచ్చును. తరువాతిపని వంపును సరిచూచుట. పనివాడు వింటినడుమను ఒక నిలువు కొయ్యపై ఆనించి, వదులుత్రాడు తగిలించి, మెల్లగా క్రిందికి లాగి, ఎడముగా నిలిచి చూచును. బిరుసుగా నున్నచోట మాత్రమే ఆకురాయితో కొంచెము తీయును. పిదప ఇరువది ముప్పది మారులు లాగి విడుచును. తీసినదాని ఫలితము అప్పుడుగాని తెలియదు. లోపము కనబడినచో, దానిని దిద్దనిదే మరియొక అంగుళము లాగడు. పిడియు వంగవలెను గాని అన్నిటికన్న ఎక్కువగా వంగరాదు. అట్లైన బాణము వెడలునపుడు చేతికి అదరు తగులును.

ఈ పనిలో ముఖ్యమైన నియమ మొకటి కలదు. అధికముగా వంగుచున్న చోటిని పనిముట్టు తాకరాదు. తీసిన కొయ్యను మరల చేర్చుట అలవికాదు. అట్టి బలహీనస్థానమునకు ఉపాయ మొక్కటే: దాని కిరుప్రక్కల బిరుసుగానున్న భాగములను పలుచనచేసి, వంపులో తమ పాలు తామును వహించునట్లు చేయుట. ఇందువలన వింటి మొత్తము బలము కొంత తగ్గును. కాని విల్లు విరుగక దక్కును.

గృహమునందు దీనికి విపరీతముగా జరుగుట కలదు. మాటపడు కోడలినే మరికొంత ఓర్చుకొమ్మందురు. అణగియుండు తమ్మునినే మరల సర్దుకొమ్మందురు. బిరుసైనవారి జోలికి ఎవ్వరును పోరు. పలుచనైన చోటనే మరల చెక్కి, విరిగిననాడు కొయ్యను నిందించుట వంటిది ఇది. ఇంటి పెద్ద వింటికి పిడివంటివాడు. తాను కదలక ఇతరులను వంచుట పెద్దరికము కాదు. తన పాలు తానును వంగవలెను.

ముండకోపనిషత్తు ప్రణవమును ధనుస్సుగా, ఆత్మను శరముగా, బ్రహ్మమును లక్ష్యముగా నిరూపించి, అప్రమత్తుడై గురిని భేదింపవలెనని బోధించినది. ఆ అప్రమత్తత బాణము విడుచు క్షణమున హఠాత్తుగా పుట్టునది కాదు. విల్లు చేయువాడు కొంచెము తీసి, ఆగి, మరల చూచునట్లు, ప్రతిదినము తనయందలి బిరుసుదనమును తాను చూచుకొనువానికే అది అలవడును. తిరుప్పావై పఠించి లేచిన ప్రాతఃకాలము అందుకు తగిన సమయము.