సింగపూర్‌లో సాయంత్రాలు: కృష్ణా తీరం నుంచి వచ్చే కొత్తవాళ్లకు

కృష్ణా డెల్టా ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. సింగపూర్ దేశమంతా కలిపినా రెండు లక్షల ఎకరాల లోపే, అంటే దాదాపు 735 చదరపు కిలోమీటర్లు. అందులోనే 60 లక్షల మంది ఉంటారు. బెజవాడలో బస్సెక్కిన మనిషి అవనిగడ్డలో దిగేలోగా ఇక్కడ మెట్రోలో దేశం పడమటి కొస నుంచి తూర్పు కొసకు చేరిపోవచ్చు. ఇంత చిన్నచోట స్థిరపడటం తేలికే అనిపిస్తుంది. ఉద్యోగం, వర్క్ పాసు, బ్యాంకు ఖాతా, ఫోను నంబరు వరకు అది నిజం కూడా. ఈ పనులన్నీ కంపెనీ వాళ్లో, ముందుగా వచ్చిన మిత్రులో దగ్గరుండి చేయిస్తారు. ఎవరూ చేయించనిది ఒకటి మిగులుతుంది: సాయంత్రాలూ ఆదివారాలూ. బెజవాడ గాంధీనగర్ సినిమాహాళ్లు, రేడియో, వారపత్రికలో గళ్ల నుడికట్టు, పండగపూట గుడి, ఇవన్నీ ఊళ్లో వాటంతటవే జరిగిపోయేవి. ఇక్కడ వాటినీ ఇంటి అద్దె లాగే పట్టించుకుని ఏర్పాటు చేసుకోవాలి.

సామాను సర్దే దగ్గరే జాగ్రత్త మొదలవుతుంది. మసాలా పెట్టెలోని గసగసాలు సింగపూర్‌లో నిషిద్ధ వస్తువు. మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి వస్తాయి కాబట్టి చారెడు కూడా తీసుకురాకూడదు. గుట్కా, ఖైనీ లాంటి నమిలే పొగాకు, ఈ-సిగరెట్లు కూడా అంతే. చూయింగ్ గమ్ దిగుమతిని 1992లోనే ఆపేశారు. మాంసంతో చేసినవి అనుమతి ఉన్న దేశాల నుంచే రావాలి గనుక కోడి పచ్చడి, మటన్ పచ్చడి ఇంట్లోనే వదిలి రావడం మేలు. ఆవకాయకు, గోంగూరకు ఆ బెంగ లేదు. కరివేపాకు, దొండకాయలు, మినపప్పు లాంటివన్నీ లిటిల్ ఇండియాలో, తెక్కా సెంటర్ మార్కెట్‌లో దొరుకుతాయి. సయ్యద్ ఆల్వి రోడ్డులోని ముస్తఫాలో అయితే దొరకనిది చెప్పడమే కష్టం. నూజివీడు రసాల మీద మాత్రం ఆశ పెట్టుకోకూడదు.

2014 తర్వాత అమరావతి ప్రణాళికల్లో సింగపూర్ సంస్థల పేర్లు వినీ వినీ, ఈ దేశమంటే అద్దాల మేడలేనన్న ఊహ కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బలపడింది. వాస్తవంలో ఇక్కడి నివాసుల్లో నూటికి ఎనభై మంది దాకా ఉండేది హెచ్‌డీబీ అనే ప్రభుత్వ ఫ్లాట్లలో. కొత్తగా వచ్చినవారు కూడా తరచుగా వాటిలోనే ఒక గది అద్దెకు తీసుకుంటారు. హెచ్‌డీబీ ఇళ్లలో అద్దె ఒప్పందం కనీసం ఆరు నెలలు ఉండాలి. గదుల ప్రకటనల్లో ‘లైట్ కుకింగ్’ అన్న మాట కనిపిస్తే ఆగి, దాని అర్థమేమిటో అడగాలి. ఒక ఇంటి యజమాని లెక్కలో అది అన్నం, గుడ్డు, నూడుల్స్ వరకే కావచ్చు. ఎండుమిరపకాయలు, ఇంగువతో తిరగమోత పెట్టిన రోజున గొడవ పడేకంటే ఒప్పందానికి ముందే మాట్లాడుకోవడం నయం. రాత్రి పొద్దుపోయినప్పటి నుంచి ఉదయం దాకా చప్పుళ్లు తగ్గించమని హెచ్‌డీబీ సూచిస్తుంది. మృదంగ సాధనకు, సౌండ్ పెంచి సినిమా చూడటానికి ఆ గంటలు పనికిరావు.

సింగపూర్ గడియారం ఇండియా కంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఆఫీసు ముగించి, భోజనం చేసి, రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తే ఇంటి దగ్గర ఆరున్నర: అమ్మ దీపం పెట్టే వేళ, నాన్న బజారు నుంచి వచ్చే వేళ. మాట్లాడటానికి మంచి సమయమే. చిక్కంతా క్రికెట్‌తో వస్తుంది. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ ఇక్కడ పదింటికి మొదలై అర్ధరాత్రి దాటాక గానీ తేలదు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా ఉదయం ఏడు ప్రాంతంలో తెల్లవారి, సాయంత్రం ఏడు ప్రాంతంలో చీకటి పడుతుంది. బెజవాడ రోహిణి కార్తె ఎండలు చూసినవారికి ఇక్కడి 32 డిగ్రీలు ఒక లెక్క కాదు గానీ, ఆ ఉక్కకు విరామం ఉండదు.

ఇక సినిమా. 1921లో మారుతి హాలు వచ్చిన నాటి నుంచి బెజవాడకు సినిమా ఒక వ్యాపారం, ఒక అలవాటు, ఒక అభిప్రాయం. ఆంధ్ర ప్రాంతపు పంపిణీదారుల కార్యాలయాలు గాంధీనగర్‌లోనే వెలిశాయి. ఏ సినిమా ఎన్ని రోజులు ఆడుతుందో మొదటి ఆట చూసి బయటికొస్తూనే తేల్చేసే పెద్దమనుషులు ఆ వీధుల్లో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఊరి నుంచి వచ్చినవారికి సింగపూర్‌లో మొదటి దెబ్బ ఆటల సంఖ్య. పెద్ద హీరోల సినిమాలు ఇండియాతో పాటే విడుదలవుతాయి. అయితే అవి నడిచేది కొన్ని హాళ్లలో, ఎక్కువగా వారాంతంలోనే. చిన్న సినిమాకు ఒకటి రెండు ఆటలు పడితే అదృష్టం. ‘వచ్చే వారం చూద్దాం’ అన్న మాట ఇక్కడ చెల్లదు. వచ్చే వారానికి అది ఉండదు.

రెండో దెబ్బ సర్టిఫికెట్. సింగపూర్‌లో సినిమాలకు జీ, పీజీ, పీజీ13, ఎన్‌సీ16, ఎం18, ఆర్21 అని ఆరు తరగతులు ఉన్నాయి. మొదటి మూడూ ఎవరైనా చూడవచ్చు, పీజీ13 పెద్దలకు ఒక సూచన మాత్రమే. ఎన్‌సీ16 నుంచి కథ మారుతుంది. పదహారేళ్లు నిండనివారిని తల్లిదండ్రులు వెంట ఉన్నా లోపలికి పంపరు, చంకలో నిద్రపోతున్న పసిబిడ్డకైనా మినహాయింపు లేదు. మన దగ్గర యూఏతో వచ్చి, కుటుంబాలన్నీ చూసేసిన నరుకుడు సినిమా ఇక్కడ ఎన్‌సీ16 అయిపోవడం మామూలే. టికెట్లు కొన్నాక తలుపు దగ్గర ఈ సంగతి తెలిసి, భార్యాభర్తలు ఒకరి తర్వాత ఒకరు చెరో ఆటా చూసిన ఉదంతాలు తెలుగువాళ్ల కబుర్లలో వినిపిస్తూ ఉంటాయి. అందువల్ల టికెట్ కొనేముందు హీరో పేరుతో పాటు ఆ అంకె కూడా చూడాలి. హాల్లో ఈలలకు ఎవరూ జైల్లో పెట్టరు గానీ కాగితాలు చల్లడం మాత్రం కుదరదు. తెర మీద ‘విశ్రాంతి’ అని పడి, ఆగకుండానే రెండో సగం మొదలైతే ఆశ్చర్యపోనక్కర్లేదు. సమోసా ముందే కొనుక్కోవాలి. సినిమా ఇంగ్లిష్ ఉపశీర్షికలతో వస్తుంది కాబట్టి పక్క సీటు చైనీస్ సహోద్యోగికీ కథ అర్థమవుతుంది. హీరో ఒంటి చేత్తో పాతికమందిని ఎలా కొట్టాడన్నది మాత్రం విడిగా వివరించాలి.

సంగీతం విషయంలో చిన్న దేశం చాలా ఉదారంగా ఉంటుంది. 1949లో ఏర్పడిన సింగపూర్ ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ కర్ణాటక సంగీతం, నృత్యం నేర్పుతుంది. 2002లో తెరిచిన ఎస్‌ప్లనేడ్ కళామందిరంలో ఏటా నవంబరు ప్రాంతంలో ‘కళా ఉత్సవం’ జరుగుతుంది, కొన్ని కచేరీలకు టికెట్ కూడా ఉండదు. ఇక్కడ నేర్చుకునే పిల్లల్లో తమిళులే ఎక్కువ. వాళ్ల నోట త్యాగరాజ కీర్తన విన్నప్పుడు సాహిత్యం అర్థమయ్యేది మాత్రం వెనక వరసలో కూర్చున్న గుడివాడ మనిషికే. ఆ ఒక్క అనుకూలతతోనే ఎన్నో పరిచయాలు కలుస్తాయి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఘంటసాల, మొవ్వ పక్కన కూచిపూడి, ఈ పేర్లన్నీ ఒక్క కృష్ణా జిల్లా చుట్టూనే ఎలా చేరాయని అడిగే తమిళ మిత్రులకు జవాబు సిద్ధంగా పెట్టుకోవచ్చు.

సొంతంగా వినడానికైతే ఆకాశవాణి చాలు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం ప్రసారాలు ఇప్పుడు ఫోనులోనూ వస్తాయి. అక్కడ పొద్దున్నే వచ్చే భక్తిరంజని, ఇక్కడ ఎనిమిది దాటాక ఆఫీసుకు వెళ్లే మెట్రోలో వినపడుతుంది. చెవిలో పెట్టుకునే సాధనం తప్పనిసరి. మెట్రోలో తినడం, తాగడం నిషేధం, ఆ తప్పుకు 500 డాలర్ల దాకా జరిమానా ఉంటుంది. మంచినీళ్లూ ఆ లెక్కలోకే వస్తాయి.

ఆ మెట్రో ప్రయాణంలోనే గళ్ల నుడికట్టు బాగా కుదురుతుంది. శ్రీశ్రీ, ఆరుద్ర లాంటివారు స్వయంగా కూర్చిన ఈ ఆట తెలుగు పత్రికల్లో ఇంకా బతికే ఉంది. దినపత్రికల ఆదివారం అనుబంధాలు అంతర్జాలంలో అందుతాయి. ఈమాట లాంటి అంతర్జాల పత్రికలూ గడులు వేస్తుంటాయి. తెలుగు గడి కట్టుబాటు ఇంగ్లిష్ దానికంటే గట్టిది. ఒక్కో గడిలో గుణింతంతో, ఒత్తులతో సహా ఒక పూర్తి అక్షరం పడుతుంది. అడ్డానికి ‘కి’, నిలువుకు ‘కీ’ వస్తే ఆ గడి చెడినట్టే. అందుకే మన గడులు చిన్నవిగా ఉంటాయి, ఆధారాలు మాత్రం గడుసుగా ఉంటాయి. ‘తలకిందులైన తీగ (2)’ అన్న ఆధారం చూడండి. తీగ అంటే లత. దాన్ని తిరగేస్తే తల. జవాబు ఆధారంలో మొదటి రెండు అక్షరాల్లోనే దాక్కుంది గానీ, దాన్ని పట్టుకోవడానికి రెండు స్టేషన్లు గడిచిపోతాయి. సొంతంగా గడి కట్టేవారికి సింగపూర్ పేర్లు మంచి పరీక్ష. ‘తెక్కా’ రెండు గళ్లలో చక్కగా ఇముడుతుంది. ‘బుగిస్’ చివరి పొల్లుకు విడిగా గడి ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం కూర్పరుల మధ్య తేలని పంచాయితీ.

బడికి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో తెలుగు ఇంతకంటే పెద్ద ప్రశ్న. దేశానికి అధికార భాషలు నాలుగు: మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లిష్. ప్రభుత్వ బడుల్లో భారతీయ పిల్లలు మాతృభాష పాఠంగా తమిళం గానీ, హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి గానీ తీసుకోవచ్చు. ఆ జాబితాలో తెలుగు లేదు. తెలుగు ఇళ్ల పిల్లల్లో చాలామంది హిందీ వైపు మొగ్గుతారు. తెలుగు అక్షరాలు ఇంట్లోనో, తెలుగువారు నడిపే వారాంతపు తరగతుల్లోనో నేర్పుకోవాల్సిందే. ఆరేడేళ్ల లోపు మొదలుపెట్టకపోతే తర్వాత హోంవర్కు ముందు అది నిలబడదు.

పండగల బాధ్యతలో ఎక్కువ భాగం 1975లో ఏర్పడిన సింగపూర్ తెలుగు సమాజం మోస్తోంది. ఉగాది సభలు, సంక్రాంతి సందళ్ల వివరాలు అక్కడే తెలుస్తాయి. సభ్యత్వం తీసుకోవడం కొత్తవాళ్లు మొదటి నెలలోనే చేయాల్సిన పని. సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయం 1855 నాటిది. బెజవాడ దగ్గర కృష్ణమీద మొదటి ఆనకట్ట పూర్తయిందీ ఆ ఏడాదే. ముక్కోటి ఏకాదశికి అక్కడ పెద్ద వరస ఉంటుంది. సెలవుల సంగతికొస్తే మన పండగల్లో దీపావళి ఒక్కటే ప్రభుత్వ సెలవు. టపాసులను 1972లోనే నిషేధించారు కాబట్టి ఆ రాత్రి కాకరపువ్వొత్తులతోనే సరిపెట్టుకోవాలి.

పంచాంగం దగ్గర ఒక మెలిక ఉంది. తిథి ఆరంభం, ముగింపు ప్రపంచమంతటికీ ఒకే క్షణంలో జరుగుతాయి, సూర్యోదయం మాత్రం ఇక్కడ బెజవాడ కంటే దాదాపు గంటన్నర ముందే అవుతుంది. ఉగాది లాంటి పండగలను సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసి నిర్ణయిస్తారు కాబట్టి, ఇంటి దగ్గరి క్యాలెండర్‌కూ ఇక్కడికీ అప్పుడప్పుడు ఒక రోజు తేడా వస్తుంది. ఏడాది మొదట్లోనే ఆలయం క్యాలెండర్ తెచ్చుకుని, ఉగాదికీ వినాయక చవితికీ ఆ తేదీల ప్రకారం ఆఫీసులో సెలవు పెట్టుకోవాలి.