శరత్కాలములో అడవి గుర్రములు

పాఠ్యభాగములు: యోబు 39వ అధ్యాయము, యిర్మీయా 8:7



యోబు గ్రంథము 39వ అధ్యాయములో కొండమేక, అడవి గాడిద, గుర్రము, డేగ ఒకదాని వెంట నొకటి మన యెదుటికి వచ్చును. యోబు తన శ్రమకు కారణమడిగెను. దేవుడు అతనికి అడవి జీవులను చూపెను. కావున వానిని నిదానముగా చూచుట కూడ ఒక పాఠమే. ఈ నెల మనము మనస్సుతో మంగోలియా దేశమునకు వెళ్లుదము. అచ్చట ఉలాన్‌బాతర్ నగరమునకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరమున హుస్తాయి అను కొండసీమ కలదు. అందు తఖీ అను అడవి గుర్రములు మేయుచున్నవి.

1. కాలము నెరిగిన జీవులు

తఖీ పొట్టి గుర్రము. ఒళ్లు ఇసుక రంగు, మూతి తెల్లన, జూలు నిక్కబొడుచుకొని యుండును. ఒక మగ గుర్రము, కొన్ని ఆడ గుర్రములు, వాని పిల్లలు కలిసి ఒక కుటుంబముగా తిరుగును. సెప్టెంబరులో గడ్డి పసుపు బారగానే వాని ఒంటిపై దట్టమైన బొచ్చు మొలచును. వసంతమున పుట్టిన పిల్లలు తల్లుల ప్రక్కనే మేయుట నేర్చుకొనును. తోడేళ్లు వానికొరకే పొంచియుండును. ఆ దినములలోనే లోయలలో ఎఱ్ఱ దుప్పుల మగవి బిగ్గరగా అరచును. మార్మాట్లు అను బొరియ జంతువులు క్రొవ్వు పట్టి, బొరియల ద్వారములు మూసికొని, నెలల తరబడి నిద్రించుటకు సిద్ధపడును. చిన్న కొంగలు హిమాలయములు దాటి మన దేశపు పడమటి భాగములకు వచ్చును. పక్షులు తమ కాలము నెరుగును గాని జనులు ఎరుగరని యిర్మీయా దుఃఖించినది ఇట్టి దృశ్యమును చూచియే గదా!

2. పోగొట్టబడి తిరిగి వచ్చినవి

ఈ గుర్రములు ఒకప్పుడు ఆ దేశములో లేకుండ పోయినవి. వేట, పశువుల మందల ఒత్తిడి, కఠినమైన చలి వానిని తరిమివేసెను. 1969 తరువాత స్వేచ్ఛగా తిరుగు తఖీ ఎవరికిని కనబడలేదు. 1945 నాటికే లోకమంతట జంతుప్రదర్శనశాలలలో 31 మాత్రమే మిగిలియుండెను. నేడున్నవన్నియు బహు కొద్ది గుర్రముల సంతానమే. దగ్గరి రక్తము కలిసి జాతి క్షీణింపకుండ ప్రాగ్ నగరపు జంతుప్రదర్శనశాల వాని వంశావళిని వ్రాసి కాపాడుచున్నది. మత్తయి సువార్తలోని వంశావళిని విసుగుతో దాటివేయు మనకు, ఒక్కొక్క పేరు ఎంత విలువైనదో ఇది బోధించును. 1992లో మొదటి గుర్రములు హుస్తాయికి తిరిగి వచ్చెను. నేడు అచ్చట మూడు వందలకు పైగా కలవు.

3. సిద్ధపాటు

అయినను భయము తీరలేదు. 2009–10 శీతకాలమున గోబీ ప్రాంతములోని మరియొక స్థలమున మంచు మేతను కప్పివేయగా మూడింట రెండు వంతుల తఖీలు చనిపోయెను. వేరు చోట్ల కూడ మందలుండుటచేత జాతి నిలిచెను. శరత్కాలమున మేసిన మేతయే శీతకాలమున గుర్రమునకు బలము. చలి వచ్చిన పిమ్మట మేయుదమనిన గడ్డి దొరకదు. మనమును ఆరోగ్యము, తీరిక ఉన్న దినములలో వాక్యమును, ప్రార్థనను నిర్లక్ష్యము చేసి, కష్టదినమున వెదకుచుందుము.

మరియొక మాట. ఈ జాతిని నశింపజేయుటలో మనుష్యుని చెయ్యి కలదు. దానిని తిరిగి నిలుపుటలోను మనుష్యుని చెయ్యియే కలదు. నశింపజేయుట సులభము; తిరిగి నిలుపుటకు రెండు తరములు పట్టెను. మన యూరి చెరువునకు వచ్చు పక్షులను, గట్టుమీది చెట్లను మనము ఏ చేతితో ముట్టుచున్నాము?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యోబు 39వ అధ్యాయములోని జీవులలో మనుష్యునికి లోబడనివి ఏవి? దేవుడు వానిని ఏల చూపెను?
2. మన యింట, మన సంఘములో ముందుగా సిద్ధపరచుకొనవలసినది ఏది?
3. మన చేతివలన పాడైనది, మన చేతితోనే బాగుచేయదగినది ఒకటి చెప్పుడి.