నిద్రతో తీరని అలసట

దుర్గ్ జిల్లాలోని భిలాయి ఉక్కు కర్మాగారం పేరు మీరు వినే ఉంటారు. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో పని మొదలుపెట్టింది. ఈ కొలిమిని రాత్రి ఆర్పి, పొద్దున్నే వెలిగించడం కుదరదు. అందుకే పని షిఫ్టులలో రాత్రింబవళ్లు సాగుతుంది. బతుకుతెరువు కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

మధ్యాహ్నం షిఫ్టుకు వెళ్లే ఒక తండ్రిని ఊహించండి. పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఆయన డ్యూటీలో ఉంటాడు. ఆయన ఇల్లు చేరేసరికి వాళ్లు నిద్రలో ఉంటారు. నలుగురున్న ఇంట్లోనూ ఒంటరితనం ఉంటుందని గమనించారా?

ఒళ్లు అలిస్తే నిద్రతో తేరుకుంటుంది. నిద్రపోయినా తీరని నీరసం, పనిమీద విముఖత, 'నావల్ల ఏమీ కావడం లేదు' అనే భావన కలిస్తే అది వేరు. దీనిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో జబ్బుగా కాక, పనివల్ల కలిగే స్థితిగా వర్ణించింది. కొందరు దీనికే సోమరితనమని పేరు పెడతారు. అది అన్యాయం.

షిఫ్టు మార్చుకోవడం ఆయన చేతిలో లేదు. కాని షిఫ్టు చార్టు చూసి, అందరూ కలిసి భోంచేసే పూటను ముందే అనుకోవచ్చు. దిగులు వీడకపోతే 14416కు ఫోను చేయవచ్చు. 2022లో మొదలైన ఈ 'టెలి మానస్' సేవ ఉచితం. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అభ్యాసం: గత వారం మీరు ఇంట్లోవాళ్లతో తీరిగ్గా మాట్లాడిన వేళలను నోటుపుస్తకంలో రాయండి.