బొంతకు ఏ కుట్టు తగును?

ముక్కలన్నియు అతికి పైపొర ముగించినంత మాత్రమున బొంత సిద్ధము కాదు. పైపొరను, నడిమి దూదిని, అడుగు గుడ్డను కలిపి పట్టు కుట్టు ఇంకను మిగిలియున్నది. దానిని ఏర్పరచుకొనుటకు ముందు మనము మూడు సంగతులు ఆలోచింతము.

మొదటిది, లోపల ఏమి యున్నది? విడి దూదియైనయెడల వరుసల మధ్య 2 అంగుళములకు మించనియ్యరాదు. లేనియెడల ఉతికినప్పుడు దూది ఉండలు కట్టి నెలల కష్టము వ్యర్థమగును. పాత నూలుచీరలైనయెడల కొంత ఎడముండవచ్చును. మరీ దట్టముగా కుట్టిన బొంత బిగుసుకొనును. పసిబిడ్డకు మెత్తనిదే మేలు.

రెండవది, పైపొర ఎట్టిది? పూలగుడ్డల మీద చిత్రమైన కుట్టు కనబడదు. నిలువు, అడ్డ వరుసలు చాలును. సాదా గుడ్డ మీదనే వంపులు శోభించును.

మూడవది, కుట్టువారు ఎందరు? అమెరికాలో సంఘస్త్రీలు చట్రము చుట్టు కూర్చుండి కుట్టిన ఒక కుట్టునకు బాప్టిస్టు విసనకఱ్ఱ అనియు, మెథడిస్టు విసనకఱ్ఱ అనియు పేర్లు కలవు. మోచేయి ఆనించి చేతిని త్రిప్పుచు వంపులు గీయవచ్చును. అతుకులతో నిమిత్తము లేదు గనుక అనేకులు ఒకేసారి కుట్టగలరు.

పాతబట్టకు క్రొత్తగుడ్డ మాసికను గూర్చి ప్రభువు చెప్పినది (మార్కు 2:21) ఇక్కడను జ్ఞాపకముంచుకొందము. అడుగు గుడ్డ క్రొత్తదైతే ముందుగా తడిపి ఆరవేయవలెను. లేనియెడల తరువాత అది ముడుచుకొని పైపొరను లాగును. పిమ్మట సుద్దతో గీసి, దూరమునుండి చూచి, నడుమనుండి అంచులకు కుట్టుదము.