తేదీ లేని మొక్కు

మా తరం పిల్లల హాజరు పట్టీ నల్లగొండ పల్లెల్లో ఎక్కడ తీసినా ఇద్దరు ముగ్గురు సైదులు, ఒక సైదమ్మ, నలుగురు యాదయ్యలు కనబడేవారు. పాలమూరు దిక్కు పోతే కుర్మయ్యలు. యాదయ్యంటే యాదగిరిగుట్ట, కుర్మయ్యంటే కురుమూర్తి స్వామి. సైదులంటే పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా. ఆ పేరు పెట్టుకున్న ఇళ్ళలో చాలావాటికి నమాజు సంగతే తెలియదు. ఇవి కాక పెంటయ్య, పెంటమ్మ ఉండనే ఉన్నారు. ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే, ఈ బిడ్డనన్నా చావు కన్నెత్తి చూడొద్దని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, దొరికిన బిడ్డలా మళ్ళీ ఎత్తుకొచ్చుకుని పెట్టిన పేర్లవి. కడుపు పండాలని మొక్కినవి కొన్ని, పండిన కడుపు నిలవాలని మొక్కినవి కొన్ని. కాబట్టి పిల్లల వార్డులో దేవుణ్ని తలుచుకుంటే ఎవరేమనుకుంటారో అని మీరు ముడుచుకుపోనక్కర్లేదు. ఈ నేల మీద అమ్మానాన్నలు ఎప్పుడూ చేసిన పనే అది.

అయితే ఆ మొక్కును ఎట్లా మొక్కుకోవాలో మాత్రం రెండు మాటలు చెప్పాలి. మా ఇంట్లో జరిగిందే చెబుతాను.

మావాడికి నాలుగేళ్ళప్పుడు డెంగీ వచ్చింది. వార్డులో చేర్చిన రోజే మా అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ కట్టి మంచం కమ్మీకి ముడుపు వేసింది. శుక్రవారం కల్లా జ్వరం దిగితే జాన్‌పహాడ్‌లో మేకను కోసి కందూరు చేస్తానని మొక్కుకుంది. గురువారం పొద్దున జ్వరం దిగింది. ఒళ్ళు చల్లబడింది. అమ్మ సంచి సర్దేసింది. "సైదులు విన్నడు బిడ్డా, ఇగ ఇంటికి పోదాం పా" అంది. నాకూ అదే నిజమనిపించింది. రౌండ్స్‌కు వచ్చిన చిన్న డాక్టరమ్మ సంచిని చూసి నవ్వలేదు. "అమ్మా, జ్వరం తగ్గినంకనే మాకు భయం. ఇంకో రెండు రోజులుండాలె" అంది.

ఆ మాట ఎంత నిజమో తర్వాత అర్థమైంది. డెంగీలో గండం చాలాసార్లు జ్వరం దిగే వేళకే మొదలవుతుంది, ఇంచుమించు మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు. రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరుతుంది, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చల్లబడ్డ కాళ్ళూ చేతులూ, మత్తుగా పడి ఉండటం, ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం, ఇవి కనబడితే ఒక్క నిమిషం ఆగకూడదు. మావాడికి ఆ రాత్రే వాంతులు పట్టుకున్నాయి. ఇంట్లో ఉండి ఉంటే నేనేం చేసేవాణ్నో తలుచుకోవడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు.

తప్పు మొక్కుది కాదు, దానికి పెట్టిన తేదీది. శుక్రవారం కల్లా, అమావాస్య లోపల, గుట్టకు పోయే బస్సు టైముకు అని గడువు పెడితే, అది దేవుడికి పెట్టిన గడువు కాదు, బిడ్డ ఒంటికి పెట్టిన గడువు. పైగా మనమే సంతకం చేసి బిడ్డను తీసుకుపోయేంత తొందర పుట్టిస్తుంది. మొక్కుకోండి, కానీ తేదీ ఖాళీగా వదిలేయండి. ఎప్పుడు ఇంటికి పోవాలో డాక్టరు చెప్పాలి.

దారాల మాట. మణికట్టుకు తాయత్తు, నడుముకు మొలతాడు, కాలికి నల్లదారం, మన పిల్లలకు ఇవి ఉండనే ఉంటాయి. సెలైన్ సూది పెట్టేటప్పుడు, చెయ్యి వాచినప్పుడు, స్కానింగుకు తీసుకుపోయేటప్పుడు సిస్టర్ తీయమంటుంది. తీయండి. కత్తిరించొద్దని అడిగితే చాలామంది విప్పి చేతికిస్తారు. మా వార్డులో ఒక సిస్టర్ తాయత్తు విప్పి, చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, దిండు కింద పెట్టి, "ఈడుంటే పనిచెయ్యదా అవ్వా?" అంది. అవ్వ ఒప్పుకుంది. విభూతి, తీర్థం, పటికబెల్లం ప్రసాదం, ఇవేవీ అడగకుండా బిడ్డ నోట్లో పెట్టకండి. మత్తులో ఉన్న బిడ్డకు పొరబోతుంది. ఆపరేషన్ ఉందని కడుపు ఖాళీగా ఉంచిన బిడ్డకు ఒక్క చెంచా తీర్థం కూడా ప్రమాదమే. విభూతి నుదుట పెడితే ఎవరికీ నష్టం లేదు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం మనలో పాత అలవాటు. దానివల్ల ఒరిగేదేమీ లేదు. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, అయిదు నిమిషాలు దాటితే పరుగెత్తండి.

ఒక్కపొద్దుల గురించి తల్లులకు ప్రత్యేకంగా చెప్పాలి. పాలిచ్చే తల్లి శనివారం, సోమవారం, గురువారం అని వరసగా కడుపు మాడ్చుకుంటే వార్డులో రెండో రోగి తయారవుతుంది. ఒక్కపొద్దు తండ్రి ఉండొచ్చు. ఈ మాటంటే మగాళ్ళు టీ తాగడానికి లేచిపోతారు.

నాలుగేళ్ళు, అయిదేళ్ళు వచ్చిన పిల్లలకు మనం ఏం చెబుతున్నామో కూడా గమనించుకోవాలి. అబద్ధమాడితే కండ్లు పోతయి, అల్లరి చేస్తే సూది ఏపిస్త అని ఇంట్లో అలవోకగా అనేస్తాం. ఆ వయసు పిల్లలు జబ్బును తమకు పడ్డ శిక్ష అనుకోవడం మామూలే. మావాడు మూడో రోజు రాత్రి, "తాత అద్దాలు పలగ్గొట్టినందుకేనా నాన్నా?" అన్నాడు. అద్దాల సంగతి అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. నువ్వేం తప్పు చేయలేదు, దేవుడు నీ మీద కోపంగా లేడు, దోమ కుట్టింది అంతే అని నోరు తెరిచి చెప్పాలి. సూది నొప్పి పెట్టదని మాత్రం చెప్పకండి. నొప్పి పెడుతుంది, కాసేపే, నేను చెయ్యి పట్టుకుంటా అనండి.

"పోయినేడు మొక్కు తీర్చలేదు గదా, అందుకే ఇట్లయింది" అని చూడటానికొచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు కోడలి చెవిలో వేస్తారు. అట్లాంటివాళ్ళను వెంటనే మందుల చీటీ ఇచ్చి కిందికి పంపండి.

ఇంకా పెద్ద జబ్బయితే "నీలోఫర్‌కు రాసిన్రు" అంటారు మన దగ్గర. ఆ మాటకే కాళ్ళల్లో వణుకు పుడుతుంది. 1953లో మొదలైన ఆ ఆసుపత్రికి నిజాం చిన్న కోడలు నీలోఫర్ పేరు పెట్టారు. ఆమెకు పిల్లల్లేరు. తన దగ్గర పనిచేసే మనిషి కాన్పులో చనిపోతే తట్టుకోలేక, ఇట్లాంటి ఆసుపత్రి ఉండాలని పట్టుబట్టింది. దగ్గర్లోనే నాంపల్లి యూసుఫైన్ దర్గా ఉంది. ఒకరు బిడ్డ దగ్గర కూర్చుంటే ఇంకొకరు పోయి దండం పెట్టుకుని రావొచ్చు. ఇద్దరూ ఒకేసారి లేవకండి. డబ్బు సంగతికొస్తే, 2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట అడుగుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు తెలంగాణలో దాని పరిమితి 10 లక్షలు. అప్పు చేసి మేకను మొక్కే ముందు ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ఒకసారి అడగండి.

ఒకటి మాత్రం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. అయిదో రాత్రి మా పక్క మంచం ఖాళీ అయింది. ఆ బిడ్డ తండ్రి పుణెలో కూలి పనిలో ఉన్నాడు. తెల్లారేసరికి ఇంకా దారిలోనే ఉన్నాడు. ఆ మంచం కమ్మీకి కూడా ఒక ముడుపు ఉండేది, మాదానికంటే పెద్దది. పొద్దుటికి మావాడు ఇడ్లీ అడిగాడు. అందరితో గలగలా మాట్లాడే అమ్మ ఆ రోజంతా సైదుల పేరు పైకి ఎత్తలేదు. మా దేవుడు కాపాడిండు అన్న మాట ఆమె నోట రాలేదు. ముడుపు విప్పి కొంగున దాచుకుని, పోయి ఆ తల్లి పక్కన కింద కూర్చుంది.

ఆ ముడుపు ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం డబ్బాలోనే ఉంది. ఒకసారి వానలు, ఒకసారి పిల్లల పరీక్షలు, ఒకసారి మేక ధర. జాన్‌పహాడ్ పోవడం ఇంకా కాలేదు. ఎప్పుడు పోదామమ్మా అని అడిగితే, "నేను తేదీ చెప్పలె గద, ఆయనేమన్కోడు" అంటుంది. శుక్రవారం సంగతి గుర్తు చేస్తే వినబడనట్టు బియ్యం చెరుగుతుంది.