మూల ప్రోగ్రాములకు సూచిక: వ్యాఖ్యలనేల విడువవలెను?

వేయి పుటల గ్రంథమున ఒక విషయమును వెదకవలసినప్పుడు మనము తుదనున్న అకారాది సూచికను ఆశ్రయింతుము. లక్షల పంక్తులుగల కంప్యూటరు ప్రోగ్రామునకును ఇదే మార్గము. చదువు ముగించి ఉద్యోగమున చేరిన విద్యార్థి తఱచు ఇతరులు వ్రాసిన ప్రోగ్రామును చదివి సరిదిద్దవలసి యుండును. అందుకు తోడ్పడు సాధనములను, వానియందలి ఒక లోపమును ఇచట పరిశీలింతము.

కెన్ థాంప్సన్ వ్రాసిన గ్రెప్ 1973 నాటి యూనిక్స్ నాలుగవ కూర్పున కలదు. ఇది సూచిక లేకయే ప్రతి ఫైలును తుదివరకు చదివి వెదకును. కెన్ ఆర్నాల్డ్ బర్క్‌లీ యూనిక్స్‌కై వ్రాసిన సీట్యాగ్స్, ఏ ఫంక్షను ఎచట నిర్వచింపబడినదో పట్టిక కట్టును. బెల్ ప్రయోగశాలలయందు జో స్టెఫెన్ రచించిన సీస్కోప్, దానిని ఏయే ఫంక్షనులు పిలుచుచున్నవో కూడ తెలుపును.

అయితే ఈ సూచికలు పేర్లను గ్రహించి వ్యాఖ్యలను విడుచును. సీస్కోప్‌లో పాఠ్యమును వెదకు సదుపాయమున్నను, అపుడది సూచికను వదలి ఫైళ్లనే చదువును. కంపైలరునకు వ్యాఖ్యలతో పని లేదు, మనుష్యునకు కలదు. ప్రోగ్రాము ఏమి చేయుచున్నదో కోడు చెప్పును. ఎందుకు చేయుచున్నదో చెప్పునది వ్యాఖ్య. 'ఈ రెండు పంక్తుల క్రమమును మార్చరాదు' అను హెచ్చరిక వేఱొక ఫైలునందు మఱుగుపడియున్నచో, క్రొత్తవాడు తెలియక మార్చును, ప్రోగ్రాము చెడును.

దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది: సీట్యాగ్స్ యొక్క తరువాతి రూపములలో మనమే నమూనాల నిచ్చి, వ్యాఖ్యలలోని గుర్తులను, పాఠ్య ఫైళ్ల శీర్షికలను పట్టికలో చేర్చవచ్చును. రెండవది: గ్నూ ఐడీ-యుటిల్స్ వలె ఫైలు రకమునుబట్టి వేర్వేరు పఠనక్రమములను నియమించి, పాఠ్య ఫైళ్లలోని పదములనన్నిటిని ఎక్కించుట. మూడవది: అక్షరత్రయ సూచిక. ఆరక్షరముల ఆంగ్ల పదమున వరుసగా నాలుగు త్రయములు వచ్చును; ఆ నాలుగును గల ఫైళ్లను మాత్రమే తెఱచి సరిచూచిన చాలును. 2006లో ఆరంభమై 2012లో మూతపడిన గూగుల్ కోడ్ సెర్చ్ ఈ పద్ధతి ననుసరించినదని రస్ కాక్స్ 2012లో వివరించెను. ఇందు కోడునకు, వ్యాఖ్యకు భేదము లేదు.

ఉర్దూ, తెలుగు చదువుకొను మనకు ఇందు మఱొక చిక్కు కలదు. యూటీఎఫ్-8 విధానమున ఆంగ్లాక్షరమునకు ఒక బైటు, ఉర్దూ అక్షరమునకు రెండు, తెలుగు వర్ణచిహ్నమునకు మూడు పట్టును. బైట్ల త్రయములను గైకొన్నచో తెలుగున ఒక త్రయము ఒక చిహ్నమును మించదు. కావున త్రయములను చిహ్నములనుబట్టియే కట్టవలెను. 'పట్టిక', 'పట్టికలో', 'పట్టికను' అనునవి పదసూచికయందు మూడు వేఱు పదములగును. కావున పదారంభమునుబట్టి వెదకు వీలుండవలెను. ఉర్దూ 'కాఫ్', 'యే' అక్షరములకు అరబ్బీ రూపములు వేఱు సంకేతములతో నున్నవి; వానిని ఏకరూపము చేసిన పిమ్మటనే సూచిక కట్టవలెను.

కనుక విద్యార్థి మిత్రులారా, మనము ప్రోగ్రాము వ్రాయునపుడు దాని కారణమును ఏ భాషలోనైనను స్పష్టముగా వ్రాసి యుంచుదము. సూచిక కట్టునపుడు ఆ మాటలకును చోటిత్తము. వెదకినను దొరకని హెచ్చరిక వ్రాయని హెచ్చరికతో సమానమే కదా!