తన ఇంట తాను: మేధో వైకల్యం గలవారి సంరక్షణలో నాణ్యత

మేధో వైకల్యం గల బిడ్డను పెంచుతున్న తల్లిదండ్రుల మనస్సులో ఎల్లప్పుడూ ఒక ప్రశ్న మెదలుతూ ఉంటుంది: "మా తరువాత వీనికి దిక్కెవరు?" దయ గల బంధువులున్నారనో, ఏదో ఒక ఆశ్రమం ఉన్నదనో లోకం సమాధానం చెబుతుంది. కాని ఎక్కడ ఉంటాడన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎట్లా ఉంటాడన్నది తక్కిన సగం. ఈ రెండవ సగాన్నే ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

మొదట ఒక పదాన్ని గురించి చెప్పుకోవాలి. బ్రిటన్‌లో 'లెర్నింగ్ డిజబిలిటీ' అంటే మేధో వైకల్యం. మన దేశంలో అదే మాటను చదవడం, వ్రాయడం, లెక్కలు చేయడంలో మాత్రమే ఇబ్బంది గల పిల్లలను గురించి వాడుతున్నాము. ఈ వ్యాసంలో మేము చెప్పేది మొదటి అర్థంలోని వారిని గురించి. 2011 జనాభా లెక్కలలో మన దేశంలో ఇట్టివారు 15 లక్షలకు పైగా నమోదైనారు.

ఈ విషయంలో బ్రిటన్ అనుభవం పాఠం వంటిది. ఒకప్పుడు అక్కడ వేలాది మందిని ఊరికి దూరంగా ఉన్న పెద్ద ఆసుపత్రులలో ఉంచేవారు. జబ్బు లేనివారికి ఆసుపత్రి జీవితాంతపు నివాసమైంది. 1950ల చివర జాక్ టిజార్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఆసుపత్రి నుండి 16 మంది పిల్లలను బ్రూక్‌లాండ్స్ అనే ఇంటికి మార్చి, ఆటపాటలతో, ఆప్యాయతతో పెంచే ఏర్పాటు చేశాడు. ఆసుపత్రిలోనే మిగిలిన అటువంటి పిల్లలకంటె వీరికి మాటలు ఎంతో బాగా వచ్చాయి. అంటే, వైకల్యమని మనం అనుకొనే దానిలో కొంత భాగం పరిసరాలు కల్పించినదే. కార్డిఫ్‌లోని ఈలీ ఆసుపత్రిలో జరిగిన దుర్వర్తనపై 1969లో విచారణ నివేదిక వెలువడింది. 1971లో ప్రభుత్వం ఆసుపత్రులను తగ్గించి, సమాజం మధ్యనే నివాసాలు కల్పించాలనే విధానాన్ని ప్రకటించింది.

ఆ మార్గంలో క్రమంగా రూపొందినదే 'సపోర్టెడ్ లివింగ్', అనగా తోడ్పాటుతో స్వంత జీవనం. దీని మూలసూత్రం సరళమైనది: ఇల్లు వేరు, సేవ వేరు. ఆ వ్యక్తి తన పేరున అద్దె ఒప్పందం చేసుకొని ఇంటిలో ఉంటాడు. వంటకు, స్నానానికి, బజారుకు, డబ్బు లెక్కలకు ఎంత సహాయం అవసరమో అంత సహాయం వేరొక సంస్థ అందిస్తుంది. ఈ విభజన వెనుక లోతైన ఆలోచన ఉన్నది. ఇల్లూ సేవా ఒకే చేతిలో ఉంటే, సేవ బాగాలేదని నోరు విప్పినవాడు నీడ కోల్పోతానని భయపడతాడు. రెండూ వేరైనప్పుడు ఇంటిని విడువకుండానే సేవకులను మార్చుకోగలడు. ఫిర్యాదు చేయగల ధైర్యమే నాణ్యతకు మొదటి కాపలా.

అయితే పద్ధతి మారినంత మాత్రాన మనుషులు మారరు. బ్రిస్టల్ సమీపంలోని వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో రోగులను కొట్టడం, హింసించడం 2011లో బి.బి.సి. రహస్యంగా చిత్రించి ప్రసారం చేసింది. 11 మంది ఉద్యోగులు నేరస్థులుగా తేలగా, 2012లో వారిలో 6 గురికి జైలుశిక్ష పడింది. అక్కడ ఒక్కొక్కరికి వారానికి సగటున 3,500 పౌండ్లు ఖర్చవుతుండేది. ఒక నర్సు ముందే ఫిర్యాదు చేసినా పట్టించుకోలేదు. ధనం ధారాళంగా ఉన్నా, పైవారి కన్ను, బయటివారి రాకపోకలు లేనిచోట క్రౌర్యం పెరుగుతుందని దీనివలన తెలుస్తున్నది.

కొట్టకపోవడమే మంచి సంరక్షణ కాదు. కెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ మాన్సెల్ ప్రభృతులు చిన్న ఇళ్లను పరిశీలించి, ఇల్లు చిన్నదైనంత మాత్రాన జీవితం మెరుగుపడదని చూపినారు. సిబ్బంది అన్నీ తామే చేసి పెడితే, ఆ మనిషి రోజంతా గోడవైపు చూస్తూ కూర్చుంటాడు. కనుక వారు 'యాక్టివ్ సపోర్ట్' అనే పద్ధతిని సూచించినారు. మన ఇంటి ఉదాహరణతో చెప్పాలంటే, అన్నం వండి పెట్టడం ఒక సేవ. బియ్యం కడగడం అతనిచేత చేయించి, పొయ్యి వెలిగించే పని మాత్రం తాను చేయడం అంతకంటె మేలైన సేవ. మొదటిదానిలో కడుపు నిండుతుంది. రెండవదానిలో కడుపుతో పాటు మనస్సూ నిండుతుంది.

ఇక నిర్ణయాల విషయం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం ప్రకారం, శక్తి లేదని రుజువయ్యేవరకు ప్రతి వయోజనుడూ తన నిర్ణయం తాను చేసుకోగలడనే భావించాలి. ఇతరులకు అవివేకంగా తోచినంత మాత్రాన ఆ నిర్ణయం చెల్లదనరాదు. ఏ చొక్కా తొడుక్కోవాలి, ఎప్పుడు నిద్రపోవాలి, ఎవరితో కలసి ఉండాలి అన్న చిన్న సంగతులలోనే ఈ సూత్రం నిగ్గు తేలుతుంది.

మన దేశంలో చట్టాలకు కొరత లేదు. మేధో వైకల్యం గలవారికోసం కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాదులో జాతీయ సంస్థను నెలకొల్పింది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం జిల్లా స్థాయిలో సంరక్షకుని నియమించే కమిటీలకు చోటు కల్పించింది. ఆ ట్రస్టు 'ఘరౌండా' పేరుతో సామూహిక గృహాల పథకాన్ని కూడా రూపొందించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సమాజంలో నివసించే హక్కును గుర్తించి, ఫలానా చోటనే ఉండాలని ఎవరినీ నిర్బంధించరాదని చెప్పింది. అయినను ఆచరణలో భారమంతా కుటుంబంపైననే, అందులోనూ తల్లిపైననే పడుతున్నది.

విద్యార్థులారా, మీరు ఏదైనా నివాసాన్ని సందర్శించినప్పుడు కొత్త రంగు వేసిన గోడలను చూసి సంతృప్తి పడకండి. అతనికి తలుపు మూసుకొనే గది ఉన్నదా? అతని డబ్బు ఎవరి చేతిలో ఉన్నది? స్నేహితులు వస్తారా? సిబ్బంది అతనితో మాట్లాడుతున్నారా, లేక అతని తల మీదుగా తమలో తాము మాట్లాడుకుంటున్నారా? తరచు సేవకులు మారిపోతున్నారా? ఈ ప్రశ్నలకు వచ్చే జవాబులే నాణ్యతకు కొలమానాలు.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. మన సేవా కార్యక్రమాలలో ఏటికొకసారి పండ్లు, రొట్టెలు పంచి ఫోటో తీయించుకొని రావడం పరిపాటి అయినది. దానికి బదులు, కొందరు విద్యార్థులు ప్రతి వారం ఒక గంట ఒకే వ్యక్తితో గడిపే ఏర్పాటు చేయవలసినదిగా కోరుతున్నాము. దీనికయ్యే ఖర్చు బస్సు చార్జీలే. బయటి మనిషి క్రమం తప్పక వచ్చే ఇంట అన్యాయం దాగి ఉండడం కష్టం.

ఉర్దూలో 'ఖిద్మత్' అన్నా, తెలుగులో 'సేవ' అన్నా అర్థం ఒక్కటే. కాని 'ఇజ్జత్' తోడు లేని ఖిద్మత్, గౌరవం లేని సేవ, అన్నం పెట్టి మనిషితనాన్ని లాగుకొంటుంది. ఆ రెండూ కలసి ఉన్న ఇంటిని చూచిననాడే ఆ తల్లి నిశ్చింతగా కన్నుమూయగలదు.